నెలకెన్ని రోజులు వేసుకుంటున్నారు?

(ఉత్తరాంధ్రలోని ఒక పట్నంలో వైద్యులు, మందుల షాపుల వాళ్ళు కలిసి ఏటా జరుపుకునే స్మారకోపన్యాస సభలో ఒక నరాల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుపుకుంటున్నామో ఆ పెద్ద డాక్టరుగారి గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ హాల్లో సగం మందికి ఆయన సూది వేశారు, మిగతా సగం మందిని తిట్టారు. ఆయన అలవాటు ఒకటి మాత్రం ఇవాళ్టి విషయానికి బాగా పనికొస్తుంది. తలనొప్పి అంటూ ఎవరొచ్చినా తల సంగతి తర్వాత, ముందు సంచీలో ఉన్న మాత్రలన్నీ తీసి బల్ల మీద పెట్టమనేవారు. తలనొప్పివి ఒక్కటే కాదు, బీపీవి, షుగరువి, నిద్రకి వేసుకునేవి, పక్కింటావిడ ఇచ్చినవి, ఆఖరికి నాటు మందు పొట్లాలు కూడా. ఆ బల్ల ముందు రెండేళ్ళు కూర్చుని నేర్చుకున్నదే ఇవాళ నేను చెప్పబోయేదంతా. మైగ్రేన్ రోగికి తీయించిన స్కాను నూటికి తొంభై సార్లకు పైగా ఏమీ చెప్పదు. బల్ల మీది మాత్రలు చెప్తాయి. నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు, తలనొప్పితో పాటు ఇంకేమేం జబ్బులున్నాయి అన్న రెండు సంగతులూ తెలుసుకోకుండా మైగ్రేన్‌కి మందు రాయకూడదన్నదే నా మాట.

ముందు ఈ జబ్బు ఎంతమందికి ఉందో చూద్దాం. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు ఆ నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి 18 నుంచి 65 ఏళ్ళ లోపు వాళ్ళని అడిగారు. 2015లో అచ్చయిన ఆ లెక్కలో, అంతకు ముందు ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్ళు నూటికి పాతిక మంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఏడుగురిలో ఒకరని అంచనా. ఆడవాళ్ళలో మగవాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంతమందికి ఉన్నా మన దగ్గర దీనికి అసలు పేరు దొరకడానికే ఏళ్ళు పడుతుంది. మొదట సైనస్ అంటారు. తర్వాత గ్యాస్ అంటారు. కళ్ళజోడు మారుస్తారు. వాంతి అయ్యాక నొప్పి తగ్గిందంటే చాలు, పైత్యం అని తేల్చేస్తారు. ఇది మన ఒక్కరి సంగతి కాదు లెండి. అమెరికాలో తమది సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న దాదాపు మూడు వేల మందిని పరీక్షిస్తే, 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పేనని 2004లో తేలింది.

పేరు దొరికేలోపు మనిషి ఊరుకోడు కదా, ఏదో ఒకటి రాసుకుంటాడు, ఏదో ఒకటి మింగుతాడు. రాసుకోవడంలో మనది ఘనమైన చరిత్ర. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. ఆ సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తెలుగువాళ్ళు వార్తలు చదువుకున్నది జనం కణతల నొప్పి పుణ్యమా అనే అనుకోవచ్చు. మింగే మందు కథ వేరు, అది కొంచెం భయపెట్టే కథ.

రై అనే ధాన్యం కంకులకి ఎర్గాట్ అనే బూజు పడుతుంది. మధ్యయుగాల్లో యూరప్‌లో ఆ బూజు పట్టిన గింజల రొట్టె తిన్నవాళ్ళకి రక్తనాళాలు బిగుసుకుపోయి వేళ్ళు, పాదాలు నల్లబడి ఊడిపోయేవి. 1918లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ ఆ బూజులోంచి ఎర్గోటమిన్‌ని వేరుచేశాడు. 1938లో అమెరికాలో గ్రాహమ్, వుల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు ఈ మందు ఇచ్చి, కణత దగ్గర నాడి కొట్టుకునే తీవ్రత తగ్గుతున్నకొద్దీ నొప్పి కూడా తగ్గుతుందని గీతలు గీసి చూపించారు. పదమూడేళ్ళకే, 1951లో, మేయో క్లినిక్ నుంచి పీటర్స్, హార్టన్ ఇంకో సంగతి రాశారు. ఎర్గోటమిన్ ఎక్కువగా వాడేవాళ్ళకి తలనొప్పి రోజువారీ వ్యవహారమైపోతోంది, మందు ఆపితే కొన్నాళ్ళు నరకం చూసి తర్వాత బాగుపడుతున్నారు అని. అంటే మందే జబ్బును పెంచుతుందన్న సంగతి కొత్తదేం కాదు, డెబ్భై ఏళ్ళ పాతది.

చాలా దేశాల్లో ఎర్గోటమిన్ దాదాపు కనుమరుగైంది. మన షాపుల్లో మాత్రం దర్జాగా ఉంది. ఒంటరిగా కాదు, ముగ్గురు నేస్తాలతో. ఒక మిల్లీగ్రాము ఎర్గోటమిన్, వంద మిల్లీగ్రాముల కెఫీన్, 250 పారాసిటమాల్, రెండున్నర మిల్లీగ్రాముల ప్రోక్లోర్‌పెరజైన్, అన్నీ ఒకే బిళ్ళలో. పని చేస్తుందా అంటే చేస్తుంది, అందుకే జనం వదలరు. కానీ ఆ బిళ్ళ వేసుకునే మనిషికి బీపీ ఉందా, గుండె జబ్బుందా అని అడిగేవాడేడీ? అదే మనిషికి గొంతు నొప్పనో దగ్గనో క్లారిత్రోమైసిన్ గానీ ఎరిత్రోమైసిన్ గానీ ఎవరో రాస్తారు. ఆ యాంటీబయాటిక్ కాలేయంలో ఎర్గోటమిన్ విరిగిపోకుండా అడ్డుపడుతుంది. రక్తంలో ఎర్గోటమిన్ పేరుకుని, చేతివేళ్ళు చల్లబడి, తెల్లబడి, ఒక్కోసారి కుళ్ళిపోయేదాకా వెళ్తుంది. మధ్యయుగాల జబ్బు రెండు చీటీలతో మన ఊళ్ళోనే తెప్పించుకోవచ్చు.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెప్తాను. ఎవరో తెలియకుండా ఉండడానికి కొన్ని వివరాలు మార్చాను. టిఫిన్ హోటలు నడుపుతుంది, నలభై దాటాయి. పద్నాలుగో ఏట నుంచి ఒంటిచెంప తలనొప్పి, నెలకి రెండుమూడు సార్లు వచ్చేది. ఇప్పుడు నెలలో తలనొప్పి లేని రోజులు ఐదో ఆరో. పెద్ద డాక్టరుగారి పద్ధతిలోనే సంచీ ఖాళీ చేయించాను. నాలుగు మందుల బిళ్ళ షీట్లు మూడు, రెండు ఖాళీవి, ఒకటి సగం. డైక్లోఫెనాక్ షీటు ఒకటి. గ్యాస్ మాత్రలు. ఆయాసానికి పీల్చుకునే ఇన్‌హేలర్. అడుగున, అంచులు నలిగిపోయి, పదింటిలో ఎనిమిది అలాగే ఉన్న బీపీ మాత్రల షీటు. ఆ రోజు బీపీ 170/100.

"తలనొప్పి బిళ్ళ ఎప్పుడు వేసుకుంటావమ్మా?" అన్నాను.

"పొయ్యి ముట్టించే ముందే ఒకటి పడేస్తానండి. నొప్పొచ్చాక వేసుకుంటే ఇడ్లీలెవరు దింపుతారు?"

"మరి బీపీ మాత్ర?"

"అది వేసుకుంటే ఏం తెలీదు కదండీ, తగ్గినట్టూ ఉండదు, పెరిగినట్టూ ఉండదు."

ఇందులో ఆవిడ తప్పు ఏమాత్రం లేదు. మనమే చెప్పాం, మైగ్రేన్ మొదలవగానే మాత్ర వేసుకోవాలి, ఆలస్యం చేస్తే పొట్ట కదలిక మందగించి మాత్ర రక్తంలోకి ఎక్కదు అని. అది నిజమే. తరచుగా వేసుకోకూడదనీ చెప్పాం. అదీ నిజమే. కానీ తెల్లారితే బతుకుతెరువు ఉన్న మనిషికి రెండో మాట వినబడదు. నొప్పికి వేసుకునే మాత్ర కాస్తా నొప్పి వస్తుందేమోనన్న భయానికి వేసుకునే మాత్ర అయిపోతుంది.

ఇక్కడ లెక్క సరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే డాక్టర్లలో కూడా చాలామంది మాత్రలు లెక్కపెడతారు. లెక్కపెట్టాల్సింది రోజులు. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 2018లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం, ముందునుంచీ తలనొప్పి ఉన్న మనిషికి నెలలో 15 రోజులో అంతకు మించో నొప్పి ఉంటూ, మూడు నెలలు దాటి మందు అతిగా వాడుతుంటే అది మందుల వల్ల పెరిగిన తలనొప్పి. ఎర్గోటమిన్, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు, ట్రమడాల్ లాంటివి, రెండుమూడు మందులు కలిపిన బిళ్ళలు అయితే నెలకి పది రోజులే హద్దు. ఒంటరి పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ లాంటివైతే 15 రోజులు. ఒకే రోజు మూడు వేసుకుంటే అది ఒక రోజే. రోజూ అర బిళ్ళ వేసుకుని, "నేను తక్కువే వాడతాను" అనుకునే మనిషే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు.

అయితే నొప్పి మాత్రలు ఎవరు వాడినా తలనొప్పి వస్తుందని కాదు. లాన్స్ బృందం 1988లో కీళ్ళవాతం ఉన్నవాళ్ళని చూసింది. ఏళ్ళ తరబడి రోజూ నొప్పి మాత్రలు మింగుతున్నా, తలనొప్పి స్వభావం లేనివాళ్ళకి ఈ రోజువారీ తలనొప్పి రాలేదు. అంటే మోకాళ్ళకి వాడే అత్తగారికి ఏమీ కాదు, అదే షీటులోంచి తీసుకునే మైగ్రేన్ కోడలికి తలనొప్పి పెరుగుతుంది. అత్తగారికి మూత్రపిండాల సంగతి వేరే ఉంది. ఉద్దానం మన పక్కనే ఉంది కాబట్టి ఒక మాట. అక్కడి కిడ్నీ జబ్బుకి మూలం ఇదీ అని ఇంకా తేలలేదు, నొప్పి మాత్రల మీదకి నెట్టేయడానికి ఆధారం లేదు. కానీ క్రియాటినిన్ అప్పటికే పెరిగిన మనిషికి డైక్లోఫెనాక్ ఇవ్వడం మాత్రం తెలిసి చేసే అపకారం.

మళ్ళీ హోటలావిడ దగ్గరికి వద్దాం. ఆవిడకి రోజూ వాడే నివారణ మందు కావాలి. అందరికీ మొదట గుర్తొచ్చేది ప్రొప్రనొలాల్, బీపీ కూడా తగ్గిస్తుంది. కానీ ఆయాసం ఉంది, ఇస్తే ఊపిరి గొట్టాలు బిగుస్తాయి. నొప్పి వచ్చినప్పుడు వేసుకోవడానికి ఎర్గోటమిన్ మాన్పించి సుమాట్రిప్టాన్ ఇద్దామంటే, అదుపులో లేని బీపీ ఉన్నంతకాలం అదీ ఇవ్వకూడదు. డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, కొందరు ఆస్తమా రోగులకి ఆ కోవ మందులు పడవు. ఇలా ఒక్కొక్క తలుపూ ఆవిడ పక్క జబ్బులే మూసేశాయి. చివరికి మందు చూపించిందీ ఆ పక్క జబ్బే. క్యాండిసార్టాన్ అనే బీపీ మందు మైగ్రేన్‌ని తగ్గిస్తుందని నార్వేలో 60 మంది మీద చేసిన పరీక్షలో 2003లో తేలింది, తర్వాతి పరీక్షలూ బలపరిచాయి. గర్భిణులకి అది ఇవ్వకూడదు. ఈవిడకి ఎప్పుడో పిల్లల ఆపరేషన్ అయింది. క్రియాటినిన్, పొటాషియం చూసి అదే మొదలుపెట్టాను. రాత్రిపూట నిద్ర పట్టడం లేదంది, పది మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ చేర్చాను. నాలుగు మందుల బిళ్ళ ఆపించాను.

ఆపిన మొదటి రోజులు గడ్డుగా ఉంటాయని ముందే చెప్పాలి, చెప్పకపోతే మూడో రోజు మళ్ళీ షాపుకే వెళ్తారు. జర్మనీలో కట్సరావా బృందం 2001లో లెక్కగట్టింది. ట్రిప్టాన్లు ఆపితే ఆ బాధ సగటున నాలుగు రోజులు, ఎర్గోటమిన్ అయితే ఏడు, మామూలు నొప్పి మాత్రలైతే తొమ్మిది పది రోజులు. ఆవిడ హోటలుకి ఆ వారం చెల్లెలు వచ్చి కూర్చుంది. మందు చీటీలో రాయలేని వైద్యం అది. మూడు నెలలకి తలనొప్పి రోజులు నెలకి ఏడుకి దిగాయి, బీపీ 136/84. ఇంకా నొప్పి వస్తుంది, వచ్చిన రోజు పారాసిటమాల్‌తో పాటు వాంతి మందు వేసుకుంటుంది.

మైగ్రేన్ మందుల చరిత్రంతా దాదాపు ఇలాగే ఉంటుంది. ప్రొప్రనొలాల్‌ని గుండెనొప్పి మీద పరీక్షిస్తున్న వైద్యులకి, ఒక రోగి మైగ్రేన్ కూడా పోయినట్టు 1966లో అనుకోకుండా కనిపించింది. అమిట్రిప్టిలిన్ దిగులుకి పుట్టిన మందు. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ మూర్ఛకి పుట్టినవి. మైగ్రేన్ కోసమే పనిగట్టుకుని చేసిన నివారణ మందులు వైద్యుల చేతికి వచ్చింది 2018లో, సీజీఆర్‌పీ అనే ప్రోటీన్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లతో. ఆ పరిశోధనకి ఎడ్విన్సన్, గోడ్స్‌బీ, మాస్కోవిట్జ్, ఓలెసెన్ అనే నలుగురికి 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. బాగా పనిచేస్తాయి, కానీ ఆ ధర చెప్పి ఈ హాల్లో ఎవరికీ తలనొప్పి తెప్పించను.

కాబట్టి మనకి దొరికేవి అరువు మందులే. అరువు మందుకి రెండు పనులుంటాయి, ఒకటి మేలు చేసేది, ఒకటి కీడు చేసేది. బరువు ఎక్కువున్న మనిషికి టోపిరమేట్ ఇస్తే బరువు కూడా తగ్గుతుంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి అదే ఇస్తే ఇంకో రాయి పుడుతుంది. పెళ్ళీడు అమ్మాయిలకి మైగ్రేన్ అని వాల్‌ప్రోయేట్ రాసిన చీటీలు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. గర్భంలో బిడ్డ వెన్నెముకకీ మెదడుకీ ఆ మందు చేసే నష్టం తెలిసిన కాలంలో దానికి ఏ సాకూ లేదు.

అందరూ చప్పున రాసే ఫ్లునారజిన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. తొందరగా ఫలితం కనిపిస్తుంది, చవక, రాత్రి ఒక్కటే మాత్ర. కానీ అది బరువు పెంచుతుంది, దిగులు పెంచుతుంది, పెద్దవాళ్ళలో పార్కిన్సన్ లాంటి వణుకూ బిగుసుకుపోవడమూ తెస్తుంది. పార్కిన్సన్ అని నా దగ్గరికి పంపిన ముసలివాళ్ళలో కొందరికి కొత్త మందు ఇవ్వలేదు, ఏడాదిగా మింగుతున్న ఈ మాత్ర ఆపాను, అంతే. నాలుగు మందుల బిళ్ళలో ఉన్న ప్రోక్లోర్‌పెరజైన్ కూడా అలాంటి పని చేయగలదు.

దిగులు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మైగ్రేన్‌తో పాటు వచ్చేవాటిలో మనం అస్సలు అడగనిది అదే. అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతంలో నవోమీ బ్రెస్లావ్ యువతీయువకుల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసింది. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి తర్వాత దిగులు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. దిగులు జబ్బు ఉన్నవాళ్ళకి తర్వాత మైగ్రేన్ వచ్చే అవకాశమూ ఎక్కువే. అంటే నొప్పి పడీ పడీ విసిగి దిగులు పడ్డారని సరిపెట్టుకోలేం, రెండింటికీ అడుగున ఉమ్మడి వేరు ఏదో ఉంది. మన దగ్గర "తలనొప్పి" అనడం సులువు, "బతకాలని లేదు" అనడం కష్టం. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇష్టమైన పని మీద మనసు పోతోందా అని మూడు ముక్కలు అడిగితే రెండోది దానంతటదే బయటికొస్తుంది. అడగకుండా ఫ్లునారజిన్ రాస్తే ఏమవుతుందో ఇందాకే చెప్పాను.

ఇదంతా స్పెషలిస్టుల పని అనుకోకండి. నార్వేలో క్రిస్టోఫర్సన్ బృందం 2015లో ప్రచురించిన పరీక్షలో, మందులు అతిగా వాడుతున్నవాళ్ళతో మామూలు ఊరి డాక్టర్లే కొద్ది నిమిషాలు మాట్లాడారు. మీరు వాడుతున్న మాత్రలే మీ నొప్పిని పెంచుతున్నాయి, ఇలా తగ్గించండి అని. చేసింది అంతే. మాట్లాడినవాళ్ళలో సగం మందికి రోజువారీ తలనొప్పి పోయింది, మాట్లాడనివాళ్ళలో ఆ భాగ్యం ఏ కొద్దిమందికో. చిన్న పరీక్షే, అరవై మంది మీద చేసింది. పూర్తిగా ఆపాలా, నివారణ మందు ఇస్తూ నెమ్మదిగా తగ్గించాలా అన్నదాని మీద నిపుణుల్లో తగాదా ఇంకా ఉంది. 2020లో డెన్మార్క్ వాళ్ళు ఆపడం, నివారణ మందు రెండూ కలిపితే త్వరగా గుణం కనిపించిందన్నారు. 2022లో అమెరికాలో 720 మంది మీద చేసిన పరీక్షలో, నివారణ మందు సరిగ్గా ఇస్తే పాత మాత్ర మార్చినా మార్చకపోయినా ఫలితం ఒకటేనన్నారు. నా అనుభవం డెన్మార్క్ వైపు మొగ్గుతుంది, ముఖ్యంగా ఆ మాత్ర ఎర్గోటమిన్ అయినప్పుడు.

షాపుల మిత్రులకి ఒక విన్నపం. చట్టం ఏం చెప్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు, దాని జోలికి పోను. ఒకే మనిషి ఒకే నెలలో మూడో షీటు అడిగినప్పుడు ఆ సంగతి నాకన్నా ముందు తెలిసేది మీకే. "బీపీ చూపించుకున్నారా?" అని ఒక్క మాట అడగండి. గిరాకీ పోతుందని భయం వద్దు, నివారణ మందు కూడా మీ దగ్గరే కొంటారు.

ఈ సభకి వచ్చిన ఆశా కార్యకర్తలతో వేరే పని ఉంది, ఆఖర్న ఉంచింది అందుకే. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో కొందరికి నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపు గీతలు వంకరటింకరగా పాకుతాయి, మధ్యలో చూపు ఆనదు, పది ఇరవై నిమిషాలు ఉండి పోతుంది. కొందరికి చేయి, మూతి తిమ్మిరెక్కుతాయి. వాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు మామూలు వాళ్ళకన్నా రెట్టింపు. వయసులో ఉన్నవాళ్ళకి ఆ ముప్పే చాలా తక్కువ కాబట్టి రెట్టింపయినా తక్కువే, బెదరక్కర్లేదు. కానీ ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే ఇలాంటి మైగ్రేన్ ఉన్న స్త్రీలకి ఏ వయసులోనైనా అవి ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీరు ఇంటింటికీ ఇచ్చే మాలా-ఎన్ అలాంటి మాత్రే. షాపులో దొరికే మాలా-డి కూడా అంతే. కాపర్-టీ అయితే నిక్షేపంగా పెట్టించుకోవచ్చు, ఈస్ట్రోజెన్ లేని ఛాయ మాత్ర కూడా మీ సంచీలోనే ఉంది. మాలా-ఎన్ ఇచ్చే ముందు, తలనొప్పికి ముందు కళ్ళలో మెరుపులు వస్తాయా అని అడిగే ఒక వరుసని మీ రిజిస్టర్‌లో చేర్పించమని జిల్లా వైద్యాధికారిగారికి అర్జీ రాశాను. అడిగే పని మీదేగా, మాటలు మీ వాడుకలో ఉన్నాయో లేదో చూసి చెప్పాలి. కాగితం నా దగ్గరే ఉంది, టీ తాగేటప్పుడు ఒకసారి చదవండి.